రాతిపువ్వులోని నూనె ఎవరిది?

(తిరుపతిలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్న పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

మన ఇళ్ళలో మసాలా డబ్బా తెరిస్తే, దాల్చినచెక్కకూ అనాసపువ్వుకూ మధ్య, ఒక వైపు బూడిదరంగులో, మరో వైపు నల్లగా, అంచులు ముడుచుకుపోయిన ఎండు పొర ఒకటి కనిపిస్తుంది. మనం దానిని రాతిపువ్వు అంటాం. చిత్తూరు దాటి తమిళం కలిసిన పల్లెలకు వెళితే కల్పాసి అంటారు. పొడిగా చేతిలో నలిపితే దాని వాసన అంతంతమాత్రం. చన్నీళ్ళలో నానబెట్టినా నీటికి పెద్దగా వాసన పట్టదు. అదే ముక్క కాగిన నూనెలో పడగానే, మట్టీ పొగా కలిసినట్టుండే వాసన వంటిల్లు దాటి వీధిలోకి వస్తుంది. ఆ పొరలో ఉన్న పదార్థాలలో చాలా వాటికి నీటితో పొసగదు, నూనెతో పొసగుతుంది. ఈ సంగతి మన ఇళ్ళలో వంట చేసేవారికి ఏ ప్రయోగశాలా చెప్పకముందే తెలుసు.

రాతిపువ్వు పువ్వు కాదు, ఆకు కాదు, నాచు కూడా కాదు. అది పార్మోట్రీమా అనే ప్రజాతికి చెందిన లైకెన్. లైకెన్ అంటే ఒక్క జీవి కాదని, శిలీంధ్రమూ (ఫంగస్) శైవలమూ (ఆల్గా) కలిసి కట్టుకున్న కాపురమని 1867లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ప్రతిపాదించినప్పుడు, ఆనాటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు అది పాఠ్యపుస్తకాలలో మొదటి వాక్యం. అయితే ఆ మొదటి వాక్యాన్ని నిజంగా నమ్మితే, రెండో వాక్యంగా ఒక ప్రశ్న వేసుకోక తప్పదు: ఇద్దరు కలిసి ఉన్న ఇంట్లో కొవ్వు పదార్థాలు ఎవరివి? శిలీంధ్రానివా, శైవలానివా, లేక ఇద్దరూ కలిసినందువల్ల మాత్రమే పుట్టినవా? ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఆ ఇంటిని లోపలి నుంచి చూద్దాం. తడిపిన రాతిపువ్వు ముక్కను కొత్త బ్లేడుతో నిలువుగా, వీలైనంత పలుచగా కోసి, ఒక చుక్క నీటిలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూడండి. పైన శిలీంధ్ర తంతువులు దట్టంగా అతుక్కుని కట్టిన కప్పు ఉంటుంది. దాని కిందనే, ఎవరో పచ్చపెసలు ఒక వరుసలో పరిచినట్టు, గుండ్రటి శైవల కణాలు కనిపిస్తాయి. ఆ వరుస కింద, దూది ఏకినట్టు వదులుగా అల్లుకున్న తెల్లటి తంతువులూ, వాటి మధ్య గాలీ ఉంటాయి. అన్నిటికంటే అడుగున నల్లటి పొర. బరువులో అత్యధిక భాగం శిలీంధ్రానిదే. ఆ పచ్చటి వరుస మొత్తంలో చిన్న వాటా మాత్రమే. కానీ ఇంటికి తిండి తెచ్చేది ఆ వరుసే.

కొవ్వు పదార్థాలనే మనం లిపిడ్లు అంటాం. లిపిడ్లు అన్నప్పుడు నేను మూడు రకాల వాటిని మనసులో పెట్టుకున్నాను. కణానికి గోడలా ఉండే త్వచాలలోని లిపిడ్లు ఒకటి, దాచుకున్న నూనెలు రెండు, తంతువుల మీద పేరుకునే దీర్ఘశృంఖల ఆమ్లాలూ వాటి బంధువులైన లైకెన్ పదార్థాలూ మూడు. ఈ మూడింటి మీదా భాగస్వామి ముద్ర పడుతుంది, కానీ ఒకే తీరున కాదు.

త్వచాల విషయంలో ముద్ర చాలా స్పష్టం. శైవల కణాన్ని దాదాపుగా నింపేసేది దాని హరితరేణువు. హరితరేణువు లోపలి పొరలు ప్రధానంగా ఫాస్ఫరస్ లేని, చక్కెర తల ఉన్న లిపిడ్లతో తయారవుతాయి: ఒక గాలక్టోజ్ తగిలించుకున్నది, రెండు గాలక్టోజ్‌లు తగిలించుకున్నది, గంధకం కలిసిన చక్కెర తగిలించుకున్నది. శిలీంధ్రానికి హరితరేణువు లేదు కనుక ఈ గాలక్టోలిపిడ్లు దాని సొంతం కావు. శిలీంధ్రం తన వంతుగా ఫాస్ఫటిడైల్ కోలిన్, ఫాస్ఫటిడైల్ ఇథనాలమిన్ వంటి ఫాస్ఫోలిపిడ్లను, అంటే ఫాస్ఫరస్ తల ఉన్న లిపిడ్లను, ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్‌ను తెస్తుంది. శైవలం స్థానంలో నాస్టాక్ వంటి సయనోబాక్టీరియా, అంటే వెలుతురుతో తిండి చేసుకునే బాక్టీరియా, ఉంటే లెక్క మళ్ళీ మారుతుంది. ఆ బాక్టీరియాలో ఫాస్ఫటిడైల్ కోలిన్ ఉండదు. గాలక్టోలిపిడ్లు ఉంటాయి కానీ వాటిని తయారుచేసే దారి వేరు. మొదట గ్లూకోజ్ తగిలించి, ఆ తరువాత దానిని గాలక్టోజ్‌గా మలుస్తుంది. గమ్యం ఒకటే అయినా వచ్చిన దారిని బట్టి అతిథి ఎవరో తెలిసిపోతుంది.

స్టెరాల్‌ల విషయంలో ఈ విభజనను 1973లోనే చక్కగా చూపించారు. శాంథోరియా పారియెటినా అనే పసుపు లైకెన్ నుంచి శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడదీసి, విడివిడిగా పెంచి చూస్తే, శిలీంధ్రంలో ఎర్గోస్టెరాల్, లైకెస్టెరాల్ దొరికాయి. శైవలంలో పోరిఫెరాస్టెరాల్, క్లియోనాస్టెరాల్ దొరికాయి. మొత్తం లైకెన్‌ను నూరి తీసిన సారంలో అవన్నీ కలిసే ఉంటాయి. ఎవరిది ఏదో తెలియాలంటే ఒక్కసారైనా విడదీసి చూడాలి.

కొవ్వు ఆమ్లాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ హద్దులు చెరిగిపోతాయి. శిలీంధ్రాలలో ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు ఎక్కువ. హరితరేణువులలో మూడు ద్విబంధాలున్న ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. ఈ మాట వరకు నిజమే. కానీ చాలా శిలీంధ్రాలు ఆల్ఫా లినోలెనిక్‌ను కూడా కొంత తయారు చేసుకోగలవు, నాస్టాక్ కూడా తయారు చేసుకోగలదు. కనుక కొవ్వు ఆమ్లాలను విడదీసి చూపే వాయు క్రోమటోగ్రఫీ కాగితం మీద ఒక శిఖరం పొడుగ్గా కనిపించినంత మాత్రాన, ఇదిగో ఇది శైవలానిది అని తీర్పు చెప్పకూడదు.

ఇది నేను పుస్తకం చదివి చెబుతున్న జాగ్రత్త కాదు. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో, తలకోన వైపు నుంచి తెచ్చుకున్న బెరడు లైకెన్ల సారం తీసినప్పుడు, నాకు 20 కార్బన్లు, 4 ద్విబంధాలు ఉన్న అరాకిడోనిక్ ఆమ్లం స్పష్టంగా కనిపించింది. లైకెన్‌లో ఇంత అరాకిడోనిక్ ఆమ్లమా అని ఎంతో సంబరపడి, సహజీవనమే దీనికి కారణమని రెండు పేజీల వివరణ కూడా రాసేశాను. మా గురువుగారు ఆ పేజీలను పక్కన పెట్టి, మిగిలిన నమూనాను భూతద్దం కింద పెట్టమన్నారు. లైకెన్ అంచుల కింద, వెంట్రుకంత సన్నని, మాసు అనే చిన్న మొక్కల ఆకులు పదుల సంఖ్యలో అతుక్కుని ఉన్నాయి. మాసులలో అరాకిడోనిక్ ఆమ్లం మామూలుగానే ఉంటుంది. నేను సహజీవన ఫలమని రాసింది నిజానికి నేను సరిగా శుభ్రం చేయని పొరుగింటి మొక్కది. ఆ రెండు పేజీలు ఈనాటికీ నా దగ్గర ఉన్నాయి. లైకెన్ పని మొదలుపెట్టే ప్రతి విద్యార్థికీ వాటిని చూపిస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎవరి లిపిడ్ ఎవరిదో పంచిపెట్టడంతో కథ అయిపోదు. ఒకరి వల్ల మరొకరి లిపిడ్లు ఎలా మారతాయన్నది అంతకంటే లోతైన ప్రశ్న. దీనికి తాళంచెవి తిండి మార్పిడిలో ఉంది. 1960లలో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ స్మిత్, ఆయన సహచరులు, రేడియోధార్మిక కార్బన్ వాడి, శైవలం తయారుచేసిన చక్కెర శిలీంధ్రానికి ఏ రూపంలో చేరుతుందో వెతికారు. ట్రెబౌక్సియా, కోకోమిక్సా వంటి ఆకుపచ్చ శైవలాలు రైబిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌ను వదులుతాయి. ట్రెంటిపోలియా అనే మరో శైవలం ఎరిత్రిటాల్ అనే మరో చక్కెర ఆల్కహాల్‌ను వదులుతుంది. నాస్టాక్ అయితే నేరుగా గ్లూకోజ్‌నే ఇస్తుంది. శిలీంధ్రం ఏది అందుకున్నా దానిని వెంటనే మానిటాల్‌గా మార్చి తన దగ్గర పెట్టుకుంటుంది; అలా మారిన తరువాత శైవలం దానిని వెనక్కి తీసుకోలేదు.

ఆ మానిటాల్ విరిగి చివరికి అసిటైల్ కోఎంజైమ్-ఏ అవుతుంది. రేణిగుంట జంక్షన్‌లో రైలు గూడూరు వైపు వెళ్ళాలా, కడప వైపు వెళ్ళాలా, అరక్కోణం వైపు వెళ్ళాలా అన్నది అక్కడే తేలినట్టు, ఈ అణువు దగ్గర కార్బన్ దారి తేలుతుంది. ఒక దారిన పోతే కొవ్వు ఆమ్లాలు, నూనెలు. ఇంకో దారిన పోతే పాలీకీటైడ్లు, అంటే అట్రనోరిన్, అస్నిక్ ఆమ్లం, లెకనోరిక్ ఆమ్లం వంటి లైకెన్ పదార్థాలు. మరో దారిన పోతే స్టెరాల్‌లు, జియోరిన్ వంటి ట్రైటెర్పీన్‌లు. కొవ్వు ఆమ్లాల దారీ పాలీకీటైడ్ల దారీ కొంత దూరం దాదాపు ఒకే పట్టాల మీద నడుస్తాయి: రెండూ అసిటేట్ ముక్కలకు మాలొనేట్ ముక్కలను అతికిస్తూ పోతాయి. కనుక శైవలం ఎంత కార్బన్ పంపుతుంది, ఎంత నిదానంగా పంపుతుంది అన్నది శిలీంధ్రం నూనె చేసుకుంటుందా, లైకెన్ ఆమ్లం చేసుకుంటుందా అన్నదానిని తాకక మానదు.

దీనికి మన తెలుగు నేల మీదే జరిగిన పని నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర శాఖకు టి.ఆర్. శేషాద్రి గారు నాయకత్వం వహించిన రోజులలో, 1940ల ప్రాంతంలో, భారతీయ లైకెన్ల రసాయన పరిశీలన ఒక వరుసగా సాగింది. తూర్పు తీరంలో చెట్ల మీద జడల్లా వేలాడే రొసెల్లా మోంటాగ్నై అనే లైకెన్ వారి ముఖ్య వస్తువులలో ఒకటి. అందులో ఎరిత్రిన్, మోంటాగ్నెటాల్, లెకనోరిక్ ఆమ్లం, రొసెల్లిక్ ఆమ్లం ఉన్నాయి. రొసెల్లిక్ ఆమ్లం 17 కార్బన్ల మొత్తంతో, పొడుగాటి తోక ఉన్న కొవ్వు ఆమ్లం. అది శిలీంధ్రం పని. ఎరిత్రిన్ ఏమిటి? లెకనోరిక్ ఆమ్లానికి ఎరిత్రిటాల్ అతుక్కుని ఏర్పడిన ఎస్టర్. మోంటాగ్నెటాల్‌లోనూ ఎరిత్రిటాలే ఉంది. రొసెల్లాలో శైవలం ట్రెంటిపోలియా. ట్రెంటిపోలియా శిలీంధ్రానికి అందించే చక్కెర ఆల్కహాల్ ఏమిటో ఇప్పుడే చెప్పుకున్నాం: ఎరిత్రిటాల్. ఒక భాగస్వామి పంపిన తిండి మరొక భాగస్వామి చేసిన అణువులో విరగకుండా, అరగకుండా, అలాగే కుట్టి కనిపిస్తోంది. లైకెన్ రసాయనశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన అణువు లేదు. వాల్తేరులో ఆ స్ఫటికాలను వేరు చేసిన రోజులకు స్మిత్ ప్రయోగాలు ఇంకా ఇరవై ఏళ్ళ దూరంలో ఉన్నాయి. సమాధానం సీసాలో ముందే సిద్ధంగా ఉంది, ప్రశ్న తరువాత వచ్చింది.

శైవలాన్ని తీసేస్తే ఏమవుతుంది? లైకెన్ శిలీంధ్రాన్ని ఒంటరిగా, చక్కెర దండిగా ఉన్న మాధ్యమంలో పెంచినప్పుడు, అనేక సందర్భాలలో అది ప్రకృతిలో చేసే లైకెన్ పదార్థాలను చేయడం మానేసి, కొవ్వు ఆమ్లాలనూ ట్రైగ్లిజరైడ్లనూ పోగు చేసుకుంటుంది. తిండి కరువు లేదు, తడి ఆరిపోదు; అలాంటి చోట కార్బన్ నూనెగా మారడం సహజమే. దీనిని చూసి ఒకప్పుడు కొందరు లైకెన్ ఆమ్లాలు చేయాలంటే శైవలం దగ్గర ఉండి తీరాలన్నారు. ఆ మాట నిలబడలేదు. 1992లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చికీటా కల్బర్సన్, డేనియల్ ఆర్మలియో క్లాడోనియా గ్రేయి శిలీంధ్రాన్ని శైవలం లేకుండానే పెంచి, క్రమంగా ఆరనిచ్చి, గాలిలోకి లేచిన తంతువుల మీద గ్రేయనిక్ ఆమ్లం పేరుకునేలా చేయగలిగారు. అంటే జన్యువులు శిలీంధ్రానివే, పనితనమూ శిలీంధ్రానిదే. శైవలం చేసే పని ఏమిటంటే ఆ పని మొదలయ్యే పరిస్థితిని కల్పించడం: కొలిచి పోసే తిండి, గాలిలోకి ఎత్తిన శరీర నిర్మాణం, రోజూ తడిసి ఆరే బతుకు. శైవలమే ఆజ్ఞ ఇస్తుందని రాసిన పాత పాఠాలను నేను ఈ కారణంగానే సరిదిద్దమని అడుగుతాను.

తడిసి ఆరడం అన్నాను కదా, దాని దగ్గర కొంచెం ఆగాలి. మే నెలలో అలిపిరి మెట్ల పక్కన బండ మీద చెయ్యి పెట్టలేము. ఆ బండకే అంటుకుని లైకెన్ ఉంటుంది, లోపల నీరు దాదాపు లేకుండా. జీవి ఎండినప్పుడు త్వచాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. ఒక గాలక్టోజ్ ఉన్న లిపిడ్ ఆకారంలో శంకువు లాంటిది, నిటారుగా పొరలు కట్టడానికి ఇష్టపడదు. అది ఎక్కువగా ఉంటే దగ్గరైన పొరలు కలిసిపోయి చెడిపోయే ప్రమాదం ఉంది. రెండు గాలక్టోజ్‌ల లిపిడ్ స్తంభం లాంటిది, పొరను నిలబెడుతుంది. ఎండిపోయినా బతికే మొక్కలు ఎండేటప్పుడు మొదటిదాని వాటా తగ్గించుకోవడం మనకు తెలుసు. రెండో ప్రమాదం ఆక్సీకరణ. హరితరేణువు త్వచాలలో ద్విబంధాలు ఎక్కువ. నీరు లేని వేళ వెలుతురు పడితే పుట్టే చురుకైన ఆక్సిజన్ మొదట కాటు వేసేది ఆ ద్విబంధాలనే. 2005లో క్లాడోనియా వల్కాని అనే లైకెన్ మీద జరిగిన పరిశోధనలో, శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడదీసి ఎండబెట్టినప్పుడు ఒక్కొక్కటీ ఆక్సీకరణ దెబ్బకు ఎక్కువగా గురైంది; కలిసి ఉన్నప్పుడు రెండూ మెరుగ్గా తట్టుకున్నాయి. పై కప్పులోని పదార్థాలు ఎండకు తెరలా నిలుస్తాయి, మధ్య పొరలో తంతువుల మీది నీటిని తోసే పూత గాలి దారులు నీటితో మూసుకుపోకుండా చూస్తుంది. శైవల త్వచంలో లినోలెనిక్ ఆమ్లం చెడకుండా మిగలడంలో శిలీంధ్రం పూత పూసిన కొవ్వుకూ భాగం ఉంది.

బండ అన్నప్పుడు ఫాస్ఫరస్ సంగతి కూడా రావాలి. తిరుమల కొండల క్వార్ట్‌జైట్ ప్రధానంగా సిలికా. శిలాతోరణం దగ్గర ఆ రాయిని దగ్గరగా చూసే ఉంటారు. అలాంటి రాయి మీద ఫాస్ఫరస్ దొరకడం కష్టం. శైవలాలలోనూ శిలీంధ్రాలలోనూ ఫాస్ఫరస్ బదులు నైట్రోజన్ ఉన్న తల తగిలించుకునే బీటైన్ లిపిడ్లు అనే వర్గం ఉంది. ఫాస్ఫటిడైల్ కోలిన్ ఎక్కువున్న చోట ఇవి తక్కువ, అది తక్కువైన చోట ఇవి ఎక్కువ. క్లామిడోమోనాస్ అనే శైవలం అయితే ఫాస్ఫటిడైల్ కోలిన్‌ను పూర్తిగా వదిలేసి బీటైన్ లిపిడ్‌తోనే బతుకుతుంది. లైకెన్లలో కూడా బీటైన్ లిపిడ్లు దొరికాయి. ఇద్దరు భాగస్వాములూ ఒకే కొరతను ఒకే ఉపాయంతో ఎదుర్కొనే చోటు ఇది, అందుకే ఎవరి బీటైన్ లిపిడ్ ఎవరిదో తేల్చడం ఇక్కడ అన్నిటికంటే కష్టం.

నాస్టాక్ ఉన్న లైకెన్ల గురించి ఒక మాట. పెల్టిజెరా ఆఫ్తోసా వంటి చలిదేశపు లైకెన్లలో ముగ్గురుంటారు: శిలీంధ్రం, ఆకుపచ్చ కోకోమిక్సా, చిన్న బొడిపెలలో విడిగా ఉంచిన నాస్టాక్. తిండి పని కోకోమిక్సాది కనుక నాస్టాక్‌కు మిగిలింది నైట్రోజన్ పని. ఆ పని చేసే హెటిరోసిస్ట్ కణాలు ఒంటరి నాస్టాక్‌లో కంటే ఇక్కడ ఎంతో ఎక్కువ నిష్పత్తిలో ఉంటాయి. హెటిరోసిస్ట్ చుట్టూ ఆక్సిజన్ లోపలికి రాకుండా ఆపే ప్రత్యేకమైన గ్లైకోలిపిడ్ పొర ఉంటుంది. కణాల నిష్పత్తి మారిందంటే ఆ లిపిడ్ వాటా కూడా మారినట్టే. పని పంపకం మారితే లిపిడ్ మారుతుందనడానికి ఇంత సూటి ఉదాహరణ మరొకటి లేదు.

2016లో మరో చర్చ లేచింది. టోబీ స్ప్రిబిల్, సహచరులు కొన్ని లైకెన్ల పై కప్పులో బెసిడియోమైసీట్ (పుట్టగొడుగుల వర్గపు శిలీంధ్రం) ఈస్టు కణాలు ఉన్నాయని, బ్రయోరియా ప్రజాతిలో వల్పినిక్ ఆమ్లం ఎక్కువగా ఉండడానికీ ఆ ఈస్టు సంఖ్యకూ సంబంధం కనిపిస్తోందని ప్రకటించారు. వల్పినిక్ ఆమ్లం కొవ్వు కాదు, దాని దారి వేరు. అయినా మూడో భాగస్వామి ఉన్నప్పుడు మన సారంలో మూడో వారి లిపిడ్లూ ఉంటాయి కనుక ఈ సంగతి మనకు అక్కరకు వస్తుంది. అయితే తరువాతి పరిశీలనలలో చాలా లైకెన్ జాతులలో ఆ ఈస్టు కనిపించలేదు. ప్రతి లైకెన్‌లో ముగ్గురు అని ఇప్పుడు కొన్నిచోట్ల చెబుతున్న పాఠం తొందరపాటని నా అభిప్రాయం.

ఇక మన చుట్టూ ఉన్న చెట్ల దగ్గరకు వెళదాం. మన అడవులలో నున్నటి బెరడు మీద, తెల్లటి పలకపై నల్లసిరాతో గీసిన గీతల్లా కనిపించే గ్రాఫిస్ లైకెన్లు ఉన్నాయి. వాటి తెల్లటి భాగాన్ని గోటితో అతి కొద్దిగా గీకితే, లోపల ఆకుపచ్చ రావాల్సిన చోట పసుపు కలిసిన నారింజ రంగు వస్తుంది. అది ట్రెంటిపోలియా. దాని కణాలలో నూనె బొట్లు ఉంటాయి, ఆ నూనెలో కెరోటీన్ కరిగి ఉంటుంది. పచ్చదనాన్ని ఆ రంగు కప్పేస్తుంది. రాతిపువ్వులోని ట్రెబౌక్సియాలో అయితే నూనె గోళాలు హరితరేణువు నడిమధ్యలో ఉండే పైరినాయిడ్ అనే ప్రోటీన్ ముద్ద లోపలే ఉంటాయి. ఒకే అడవిలో, చేతి దూరంలో, ఒక లైకెన్‌లో శైవలం తన నూనెను రంగు వేసి కణమంతా పరుచుకుంటే, మరొక లైకెన్‌లో శైవలం దానిని గుండెలో దాచుకుంటోంది. ఒకటి ఎరిత్రిటాల్ ఇస్తుంది, ఒకటి రైబిటాల్ ఇస్తుంది. భాగస్వామి మారితే లిపిడ్లు ఎలా మారతాయో చూడడానికి మన కొండలు ఏ విదేశానికీ తీసిపోవు.

మీలో ఎవరైనా ఈ పని చేపడితే, శేషాచలం 2010 నుంచి జీవావరణ రిజర్వు కనుక అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ముక్క కూడా తీయవద్దు. అనుమతి వచ్చాక బొటనవేలి గోరంత ముక్క చాలు. లైకెన్ ఏడాదికి పెరిగేది చాలాచోట్ల కొన్ని మిల్లీమీటర్లే. ఇంటికి తెచ్చాక భూతద్దం కింద మాసు ఆకులన్నీ ఏరేయండి. ట్రెబౌక్సియా ఉన్న లైకెన్‌నూ ట్రెంటిపోలియా ఉన్న లైకెన్‌నూ ఒకే రోజు, ఒకే చెట్టు నుంచి తీసుకోండి. నోట్‌బుక్‌లో జాతి పేరు కంటే ముందు రెండు సంగతులు రాయండి: తీసినప్పుడు అది తడిగా ఉందా పొడిగా ఉందా, ఎన్ని గంటలకు తీశారు. రాత్రి వానకు తడిసి చీకటిలో గడిపిన ముక్కలోనూ, మధ్యాహ్నం ఎండిన ముక్కలోనూ శైవలం దాచుకున్న నూనె ఒకే మాదిరిగా ఉండదు.